ఆరోసారి కూడా వెళ్ళగలిగే చోటు: బెంగళూరులో పిల్లల మనసుకి సాయం వెతుక్కునే తెలుగు ఇళ్ళకి

మొన్న ఉగాదికి మా అపార్ట్‌మెంట్ కింద పచ్చడి పంచుతుంటే నాలుగో అంతస్తులో ఉండే మదనపల్లె అమ్మాయి నన్ను పక్కకి లాగింది. “అక్కా, మా వాడికి మూడేళ్ళు నిండొస్తున్నాయి, మాటలు సరిగా రావట్లేదు. డాక్టరు దగ్గరికి పోదామంటే మా అత్త ‘వాళ్ళ నాయన కూడా నాలుగేళ్ళకే మాట్లాడినాడు’ అంటాది. నిమ్హాన్స్‌కి పోతే పిచ్చాసుపత్రికి తీసుకుపోయినారంటారేమో. ప్రైవేటు వాళ్ళేమో ఏడాది ప్యాకేజీ చెప్తున్నారు. మీరు ఎక్కడికి పోయినారక్కా?”

వెనక పులిహోర కోసం లైను ఉంది, ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను. ఆదివారం ఇంటికి రా అన్నాను. వచ్చేలోపు చెప్పాల్సినవన్నీ ఒకచోట పెట్టుకుందామని కూర్చుంటే ఇంత పొడుగైంది. మాది హిందూపురం, పధ్నాలుగేళ్ళుగా రామమూర్తి నగర్‌లో ఉంటున్నాం. నేను డాక్టర్ని కాను, ఒక కంపెనీలో అకౌంట్లు చూస్తాను. మా పెద్దవాడికి ఆరేళ్ళప్పుడు ఏడీహెచ్‌డీ (కుదురు, ధ్యాస నిలవని సమస్య) అని తేలింది, ఇప్పుడు వాడికి పదకొండు. ఈ ఐదేళ్ళలో ఈ ఊళ్ళో నేను ఎక్కని మెట్లు తక్కువ.

మొదట్లో అందరిలాగే నేనూ “బెంగళూరులో బెస్టు ఎవరు” అని అడిగేదాన్ని. అది తప్పు ప్రశ్న అని తెలియడానికి రెండేళ్ళు పట్టింది. పిల్లల మాట, మనసు, నడవడిక ఇవేవీ ఒక్క అపాయింట్‌మెంట్‌తో తెమిలే వ్యవహారాలు కావు. మొదటిసారి ఎవరైనా వెళ్తారు, సెలవు పెట్టి, క్యాబ్ మాట్లాడుకుని, ఫైలు చంకలో పెట్టుకుని. మూడోసారికి సిల్క్ బోర్డు ట్రాఫిక్ గుర్తొస్తుంది. నాలుగోసారికి మేనేజరు మొహం. ఐదోసారికి బ్యాంకు బ్యాలెన్సు. అందుకని ఇప్పుడు ఎవరడిగినా నేను ఎదురడిగేది ఒకటే: ఆరోసారి కూడా వెళ్ళగలిగే చోటు మీకు ఏది? దూరం, డబ్బు, భాష, ఇంట్లోవాళ్ళ ఒప్పుదల, ఈ నాలుగూ కుదిరితేనే ఆరోసారి దాకా వెళ్తాం. కింద చెప్పేవన్నీ ఈ తక్కెడలోనే వేసి చూశాను.

సాయం ఎవరికి?

“పిల్లాడికే కదా” అని వెంటనే అనేయకండి. ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లాడు వేరు. నిన్నటిదాకా బాగుండి ఇవాళ బడికి పోనని తలుపేసుకునే పిల్ల వేరు. నాన్న తాగొచ్చి గొడవ చేస్తుంటే దుప్పటి కప్పుకుని నిద్ర నటించే పిల్లాడు వేరు. అక్కడ పిల్లాడి కౌన్సెలింగ్ కంటే ముందు నాన్నకి వైద్యం కావాలి. ఎవరూ ఒప్పుకోని ఇంకో రకం ఉంది. పిల్లాడు బానే ఉంటాడు, అమ్మకే నిద్ర ఉండదు, కుక్కర్ విజిల్ వేసినా ఏడుపొస్తుంది. ఆ ఇంట్లో పిల్లాణ్ణి ఎన్ని చోట్లకి తిప్పినా లాభం ఉండదు.

మాటల ఆలస్యం సంగతి ముందు చెప్తాను, మదనపల్లె అమ్మాయి అడిగింది అదే కాబట్టి. రెండేళ్ళు నిండేసరికి “అమ్మా రా”, “పాలు కావాలి” లాంటి రెండు ముక్కల మాటలు సొంతంగా రాకపోతే చూపించాలి. నాలుగేళ్ళదాకా ఆగమనేది చుట్టాల లెక్క. చేయించాల్సిన మొదటి పని వినికిడి పరీక్ష. సగం వినపడని పిల్లాణ్ణి పట్టుకుని నెలల తరబడి “పలకవేంరా” అని విసుక్కున్న ఇళ్ళు నాకు తెలుసు. ఆటిజం (నలుగురితో కలవడంలో, మాట కలపడంలో తేడా) అనుమానానికి 16 నుంచి 30 నెలల పిల్లలకి ఎమ్-చాట్ అని 20 ప్రశ్నల కాగితం ఉంటుంది, మామూలు పిల్లల డాక్టరే కాసేపట్లో అడిగేస్తారు. అది జల్లెడ మాత్రమే, అందులో ఎక్కువ మార్కులొచ్చాయని ఆటిజం అని ఖాయం కాదు. ఆ వయసు దాటినవాళ్ళని నేరుగా పిల్లల ఎదుగుదల చూసే డాక్టరుకో (డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్), ఆసుపత్రిలోని చైల్డ్ సైకియాట్రీ విభాగానికో చూపించాలి. మాటకి సంబంధించి ఇంకో దారి మైసూరులోని ఆయిష్, కేంద్ర ప్రభుత్వ వాక్కు, శ్రవణ సంస్థ. వారం వారం మైసూరు వెళ్ళలేరు, నిజమే. ఒకసారి గట్టిగా పరీక్ష చేయించుకుని, ఇంట్లో ఏం చేయాలో నేర్చుకుని వచ్చి, థెరపీ ఇక్కడ ఇంటి దగ్గర పెట్టుకోవచ్చు.

పెద్ద పిల్లల విషయంలో “ఈ వయసులో అంతే” అనేస్తాం. నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. నలభై మంది ఉన్న తరగతిలో ముగ్గురన్నమాట. నిద్ర, తిండి, స్నేహితులు, చదువు, ఈ నాలుగింట్లో రెండు మారిపోయి రెండు వారాలైనా సర్దుకోకపోతే నేనైతే ఆగను.

చచ్చిపోతానన్నా, చేతులు కోసుకున్నా, అప్పుడు పోలికలు పెట్టుకుని కూర్చోకూడదు. దగ్గర్లో ఏ ఆసుపత్రి ఎమర్జెన్సీ ఉంటే అక్కడికి, లేదా 112. నిమ్హాన్స్ ఎమర్జెన్సీ రాత్రీపగలూ తెరిచే ఉంటుంది. పిల్లని ఒంటరిగా వదలకుండా మందుల డబ్బా, ఎలుకల మందు లాంటివి ముందు ఇంట్లోంచి తీసేయండి.

ఫోన్లో దొరికేది

14416, టెలీ మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. 24 గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, 20 భాషలున్నాయి, తెలుగు కూడా. ఫోను చేశాక భాష ఎంచుకోవచ్చు కాబట్టి బెంగళూరులో కూర్చుని తెలుగులోనే మాట్లాడొచ్చు. ఊళ్ళో మనవడి గురించి బెంగపెట్టుకున్న అమ్మమ్మ కూడా అదే నంబరుకి చేసుకోవచ్చు. రాత్రి పదకొండింటికి పిల్లాడు పడుకున్నాక, “అసలు ఇది చూపించాల్సిందేనా కాదా” అని మనల్ని మనం తినేస్తాం చూడండి, ఆ గంటకి దీనికి మించింది లేదు. అవసరమైతే పైనున్న డాక్టర్లకి కలుపుతారు. అయితే ప్రతివారం అదే మనిషి మన పిల్లాడి కథ గుర్తుపెట్టుకుని మాట్లాడాలంటే ఫోను చాలదు.

1098, పిల్లల హెల్ప్‌లైన్, ఇంకో పనికి. పిల్లల్ని కొడుతున్నారు, పనిలో పెట్టారు, వదిలేశారు, లైంగికంగా వేధించారు అంటే దానికి చెయ్యాలి. “మా అబ్బాయి చదవట్లేదు” అని అక్కడికి చేయకండి. ఇదే సందర్భంలో ఒక చట్టం మాట. 2012లో వచ్చిన పోక్సో ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా చెప్పి తీరాలి, కౌన్సెలర్లు కూడా. “నువ్వు చెప్పేవన్నీ నా దగ్గరే ఉంటాయి, కానీ నీకు ప్రమాదం ఉందంటే మాత్రం చెప్పాల్సి వస్తుంది” అని మొదటి రోజే పిల్లలకి చెప్పే కౌన్సెలర్ని నమ్మొచ్చు.

నిమ్హాన్స్: ఒక పేరు, మూడు తలుపులు

పిచ్చాసుపత్రి అన్న భయం గురించి. హోసూరు రోడ్డులో పాత మైసూరు సర్కారు మానసిక వైద్యశాల ఉండేది, 1954లో దాని పక్కనే చదువు చెప్పే సంస్థ వచ్చింది, 1974లో రెండూ కలిసి నిమ్హాన్స్ అయింది. పేర్లోనే న్యూరో ఉంది. మూర్ఛకీ, పక్షవాతానికీ, తలకి దెబ్బ తగిలినా జనం వచ్చేది అక్కడికే. మా అత్తగారికి నేను చెప్పిన మాట కూడా అదే: “నరాల ఆసుపత్రికి పోతున్నాం.” అబద్ధం కాదు కదా.

మొదటి తలుపు హోసూరు రోడ్డు క్యాంపస్‌లోని పిల్లల, కౌమారుల సైకియాట్రీ విభాగం. ఆటిజం, ఏడీహెచ్‌డీ, తీవ్రమైన దిగులు, ఏమిటో ఎవరికీ అంతుపట్టని సమస్య, వీటికి నా ఓటు ఇక్కడికే. సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు, సోషల్ వర్కరు ఒకే చోట ఉంటారు, ఖర్చు ప్రైవేటుతో పోలిస్తే లెక్కలోకి రాదు. దేశం నలుమూలల నుంచీ వస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్ళి ఒక పూర్తి రోజు దానికే ఇచ్చేయాలి. మొదటి రోజు వివరాలు రాసుకుని, లోతైన పరీక్షకి ఇంకో రోజు రమ్మనవచ్చు. పిల్లాడి టీకాల కార్డు, బడి నోటుపుస్తకాలు, టీచరు రాసిన రిమార్కులు, పిల్లాడు ఇంట్లో ఎలా ఉంటాడో చూపించే రెండు నిమిషాల వీడియో పట్టుకెళ్ళండి. డాక్టరు ముందు మా వాడు బుద్ధిమంతుడైపోయాడు, ఆ వీడియోనే పనికొచ్చింది. వార్డులో చేర్చాల్సి వచ్చినా పిల్లల్ని ఒంటరిగా పెట్టరు, అమ్మో నాన్నో తోడుంటారు.

రెండో తలుపు బీటీఎం లేఔట్‌లోని నిమ్హాన్స్ సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్. అది ఆసుపత్రిలా ఉండదు, ఎక్కువమంది వచ్చేది ఒత్తిడి, పెంపకంలో సందేహాలు, మొగుడూపెళ్ళాల మధ్య బిగుసుకుపోయిన మాటల కోసం. ఫోను, గేమ్స్ వ్యసనానికి 2014లో మొదలైన షట్ క్లినిక్ వీళ్ళదే. “సైకియాట్రీ ఓపీ” అన్న బోర్డు చూస్తే వెనక్కి తిరిగిపోయే భర్తలకి ఈ తలుపే మంచిది. ఎల్లో లైన్ మెట్రో 2025 ఆగస్టులో మొదలయ్యాక ఎలక్ట్రానిక్ సిటీ వైపు తెలుగువాళ్ళకి ఇది బాగా దగ్గరైంది. మాకు, కె.ఆర్.పురం వైపువాళ్ళకి, ఇప్పటికీ రెండు మార్పులు.

ఫోను గురించి ఒక్క మాట, అందరూ అడుగుతారు కాబట్టి. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది సూటిగానే ఉంది: రెండేళ్ళలోపు వీడియో కాల్ తప్ప స్క్రీన్ వద్దు, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య రోజుకి గంట దాటొద్దు. మా ఇంట్లో ఇది ఎంత అమలైందో అడగకండి.

మూడో తలుపు ఎక్కువమందికి తెలీదు, ఫ్యామిలీ సైకియాట్రీ సెంటర్. పేషెంటు ఒక్కరే కాదు, కుటుంబాన్ని కూర్చోబెట్టి మాట్లాడతారు, అవసరమైతే కుటుంబంతో అక్కడే ఉండి చికిత్స తీసుకోవచ్చు. ఇంటిల్లిపాదినీ వైద్యంలోకి తేవడం మన దేశంలో కొత్తేమీ కాదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువుల్ని ఆవరణలో గుడారాలు వేసుకుని ఉండనిచ్చారు, అక్కణ్ణుంచే ఈ పద్ధతి పాకింది. అత్తగారికీ కోడలికీ మధ్య పిల్లాడు నలిగిపోతున్నాడు అనిపించే ఇళ్ళకి, ఒక్క పిల్లాణ్ణే పట్టుకుని తిరగడం కంటే ఇది నయం.

నిమ్హాన్స్ దూరమైతే సెయింట్ జాన్స్ లాంటి మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి, కోరమంగల వైపువాళ్ళకి అది నడక దూరం. ఇక ఊరికి వెళ్ళిపోయే ఆలోచన ఉన్నవాళ్ళకి: జిల్లా ఆసుపత్రుల్లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద డాక్టర్లుంటారు. ఆ పథకానికి నమూనా 1980ల్లో నిమ్హాన్స్ వాళ్ళు మన పక్కనున్న బళ్ళారిలోనే తయారుచేశారు. జబ్బేమిటో ఇక్కడ తేల్చుకుని, మందులు అక్కడ తీసుకునేవాళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నారు.

ప్రైవేటు క్లినిక్కులు, థెరపీ సెంటర్లు

ప్రైవేటులో లాభం ఒకటే, అది చిన్న లాభం కాదు: ఇంటి దగ్గర, సాయంత్రం ఆరు తర్వాత, ఎప్పుడూ అదే మనిషి. ఆరోసారి లెక్కలో దీనికే ఎక్కువ మార్కులు పడాలి. డబ్బు దగ్గర పడిపోతుంది. నేను అడిగిన చోట్ల ముప్పావుగంట సెషన్‌కి వెయ్యి నుంచి రెండువేల అయిదొందల దాకా చెప్పారు. వారానికి రెండంటే నెల అద్దెలో సగం.

మా అనుభవం చెప్తాను. మా వాడి సమస్య ఏమిటో ఇంకా తేలకముందే మా పేటలో ఒక సెంటర్ వాళ్ళు మొదటి రోజే నలభై సెషన్ల ప్యాకేజీ అంటగట్టారు, మొత్తం ముందే కట్టాం. ఎనిమిదో సెషన్ అయ్యాక రాతపూర్వకంగా ఏమైనా ఇవ్వండి అంటే “ప్రోగ్రెస్ బాగుంది మేడం” అన్నారు. మూడు నెలల్లో ముగ్గురు థెరపిస్టులు మారారు. డబ్బు తిరిగి రాలేదు. అప్పట్నుంచీ నాకు ఒక నియమం: పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వనివాళ్ళకి ప్యాకేజీ డబ్బు కట్టను, నాలుగు సెషన్లకి మించి ముందే కట్టను.

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు 1992 నాటి చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ఆ నంబరు అడగండి, ఆన్‌లైన్‌లో సరిచూడండి. నంబరు అడిగితే మొహం మాడ్చుకునేవాళ్ళ దగ్గర్నుంచి మర్యాదగా లేచి వచ్చేయొచ్చు. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడం మాత్రం ఇంకా తేలికే, కాబట్టి అక్కడ ఏం చదివారు, ఎవరి కింద పనిచేశారు అని విడిగా అడగాలి. రెండో ప్రశ్న: గదిలో ఏం చేస్తారో నన్ను చూడనిస్తారా? మూడోది: ఇంట్లో నేనేం చేయాలి? ఈ మూడోదానికి జవాబు లేని చోట వారంలో రెండు గంటలు మారతాయి, మిగతా నూట అరవై ఆరు గంటలు ఎప్పట్లాగే ఉంటాయి.

డబ్బు తీసుకోకుండా వినేవాళ్ళు

బంజారా అకాడమీలో శిక్షణ పొందిన స్వచ్ఛంద కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు. పెళ్ళి గొడవలు, పరీక్షల భయం, పిల్లలతో మాట పడకపోవడం లాంటివాటికి బాగుంటుంది. పరివర్తన్ కూడా ఈ ఊళ్ళో చాలాకాలంగా కౌన్సెలింగ్ చేస్తూ, నేర్పుతూ ఉన్న సంస్థ, అక్కడ ఫీజు సంగతి ముందే అడగండి. ఇలాంటి చోట్ల రోగ నిర్ధారణ, మందులు ఆశించకూడదు. మొదటి ఫోన్లోనే “తెలుగు వచ్చినవాళ్ళున్నారా, ఏ రోజు ఉంటారు” అని అడిగి ఆ రోజే వెళ్ళండి.

ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ఇన్‌ఫాంట్రీ రోడ్డులో పోలీసు కమిషనర్ ఆఫీసు ఆవరణలోని వనితా సహాయవాణి. పోలీసు అనగానే కేసు అనుకుంటాం, అక్కడ కుటుంబాన్ని పిలిపించి కౌన్సెలింగ్ కూడా చేస్తారు. తాగుడు ఉన్న ఇళ్ళకి ఆల్-అనాన్ మీటింగులు. తాగే మనిషి రానక్కర్లేదు, భార్యో తల్లో వెళ్ళొచ్చు, ఇంటిపేరు అడగరు, రుసుము లేదు. పక్కింటివాళ్ళకి తెలుస్తుందన్న భయంతో ఏళ్ళ తరబడి నోరు విప్పని ఆడవాళ్ళు అక్కడ మొదటిసారి మాట్లాడడం విన్నాను. వారం వారం సులువుగా వెళ్ళగలిగేది నిజానికి ఇదే.

బడి కౌన్సెలర్: ఉంటే వాడుకోండి, దగ్గర, ఉచితం. సీబీఎస్ఈ బడుల్లో ఉండాలని నియమమే ఉంది. పిల్ల చెప్పింది స్టాఫ్ రూముకి చేరుతుందా లేదా అన్నది మాత్రం ముందు కనుక్కోండి.

నేర్చుకోవాలంటే

కోర్సులు బోలెడు, అన్నీ ఒకే పేరుతో తిరుగుతున్నాయి. సొంత పిల్లాడి కోసం నేర్చుకోవడం, ఇరుగుపొరుగుకి సాయపడ్డానికి నేర్చుకోవడం, వృత్తిగా పెట్టుకోవడం మూడూ వేర్వేరు.

సొంత పిల్లాడి కోసమైతే పేరెంట్ ట్రైనింగ్. ఏడీహెచ్‌డీ అనుమానం ఉన్న నాలుగైదేళ్ళ పిల్లలకి మందు కంటే ముందు ఇదే ఇవ్వాలని వైద్యులు అంటారు. ఆరేళ్ళు దాటితే అవసరాన్ని బట్టి మందు, ఇది కలిపి. ఎదుగుదల లోపం, ఆటిజం ఉన్న రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల ఇళ్ళ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన శిక్షణలో తొమ్మిది గ్రూపు సెషన్లు, మూడు ఇంటి సందర్శనలు ఉంటాయి. ఏ సెంటర్ వాళ్ళు పేరెంట్ ట్రైనింగ్ అన్నా ఆ కొలత పెట్టుకుని చూడండి. ఆదివారం పూట రెండు గంటల ఉపన్యాసం, సర్టిఫికెట్, సమోసా, అది శిక్షణ కాదు.

నేను నేర్చుకున్నది చెప్తే నవ్వుతారు. పొద్దున బస్సు టైముకి నేను ఒక్క ఊపిరిలో “షూ వేసుకో, బ్యాగు తీసుకో, నీళ్ళు పెట్టుకున్నావా, చెల్లెల్ని గిల్లకు” అని వంటింట్లోంచి అరిచేదాన్ని. పేరెంట్ ట్రైనింగ్‌లో నేర్పింది: దగ్గరికెళ్ళు, కళ్ళలోకి చూడు, ఒక్క మాట చెప్పు, అది చేశాక అక్కడికక్కడే మెచ్చుకో, అప్పుడు రెండోది. హోంవర్కు పది నిమిషాల ముక్కలుగా. రోజుకి పదిహేను నిమిషాలు వాడు చెప్పిన ఆట, మనం సలహా ఇవ్వకుండా. మొదటి రెండు వారాలు ఇదంతా నాటకంలా ఉంది. మూడో వారం వాడు తనంతట తను షూ వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ తర్వాత మళ్ళీ వెనక్కి జారాడు, అది వేరే కథ. మా ఆయన మొదటి సెషన్‌కి రాలేదు, అత్తగారు ఏ సెషన్‌కీ రాలేదు. నేను ఇంట్లో నియమం పెట్టడం, ఆవిడ వెనకనుంచి ఫోను చేతికివ్వడం. ఒక్కరిని మాత్రమే రానిచ్చే శిక్షణ కంటే పెద్దవాళ్ళని కూడా కూర్చోనిచ్చే శిక్షణ ఎంచుకోండి.

ఇరుగుపొరుగు కోసమైతే మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ (మనసుకి ప్రథమ చికిత్స) తరహా ఒకటి రెండు రోజుల కోర్సులు చాలు. ఆస్ట్రేలియాలో 2000లో పుట్టిన పద్ధతి అది. ఆత్మహత్య ఆలోచనని గుర్తుపట్టి, నేరుగా అడిగి, సాయం దగ్గరికి చేర్చడం నేర్పే గేట్‌కీపర్ శిక్షణ ఇంకా చిన్నది. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం వద్దని అక్కడే తెలిసింది. మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కీ, ట్యూషన్ టీచర్‌కీ ఇది చాలని నా అభిప్రాయం. టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, బాలల గృహాల్లో పనిచేసేవాళ్ళు అయితే నిమ్హాన్స్‌లోనే 2020లో మొదలైన సంవాద్ శిక్షణలు చూడాలి. కష్టాల్లో ఉన్న పిల్లలతో ఎలా మాట్లాడాలన్నదే వాళ్ళ పని.

ఇక డిప్లొమాలు. బంజారా అకాడమీ, పరివర్తన్ రెండుచోట్లా నెలల తరబడి సాగే కౌన్సెలింగ్ కోర్సులున్నాయి. పిల్లలు పెద్దయ్యాక ఏదైనా చేయాలనుకునే నా వయసు ఆడవాళ్ళు చాలామంది చేరతారు. మంచిదే, ముందు మనమే మారతాం. అయితే ఆ సర్టిఫికెట్‌తో ఎవరికీ “మీ వాడికి ఆటిజం” అని చెప్పే అర్హత రాదు.

భాష

మా వాడు ఇంట్లో తెలుగు, బస్సులో కన్నడం, క్లాసులో ఇంగ్లీషు. మన పిల్లలందరిదీ ఇదే పరిస్థితి. పరీక్ష పెట్టేముందు “ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, ఎప్పట్నుంచి” అని వాళ్ళు అడగాలి, అడగకపోతే మనం చెప్పాలి. లేకపోతే ఇంగ్లీషు బొమ్మల పేర్లు రాని పిల్లాడు మాటే రాని పిల్లాడిగా కాగితం ఎక్కుతాడు. చదువులో వెనకబాటుకి ఎల్‌డీ (లెర్నింగ్ డిజెబిలిటీ, చదవడం, రాయడం, లెక్కల్లో ఇబ్బంది) సర్టిఫికెట్ సాధారణంగా ఎనిమిదేళ్ళు దాటాకే ఇస్తారు, అక్కడా ఇదే జాగ్రత్త.

“ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి” అని సలహా ఇచ్చేవాళ్ళు తగుల్తారు, టీచర్లు కూడా. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. తాతతో మాట్లాడే ఒక్క భాషా లాగేసుకుంటే పిల్లాడికి మాట్లాడే మనుషులే తగ్గిపోతారు. థెరపిస్టుకి తెలుగు రాకపోయినా పనులు ఇంట్లో తెలుగులో చేయించమనేవాళ్ళని ఎంచుకోండి. పెద్దవాళ్ళ కౌన్సెలింగ్‌కి మాత్రం నేను రాజీపడను. “కడుపు రగిలిపోతోంది” అన్నది ఇంగ్లీషులో చెప్పి ఏడవలేం.

కాగితాలు కొంచెం

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం, ఎల్‌డీ ఉన్నాయి, ఏడీహెచ్‌డీ విడిగా లేదు. ఆటిజం, మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వస్తుంది, థెరపీలకి కూడా వాడుకోవచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆరోగ్య బీమా కంపెనీలు మానసిక జబ్బుల్ని శరీర జబ్బుల్లాగే చూడాలి, కానీ మామూలు పాలసీల్లో ఓపీ ఖర్చు రాదు. ఆఫీసు బీమాలో ఓపీ ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి.

ఆదివారం మదనపల్లె అమ్మాయి వచ్చింది. భర్తకి రాత్రి షిఫ్టు, ఆమెకి మంగళవారం సెలవు దొరుకుతుంది, కారు లేదు, నెలకి ఆరేడు వేలు దాటి పెట్టలేరు. ఈ నాలుగూ కాగితం మీద పెట్టాక ఎంచుకోవడం అరగంట పని. ముందు వినికిడి పరీక్ష. తర్వాత ఒక పూర్తి రోజు నిమ్హాన్స్. రిపోర్టు చేతికొచ్చాక మా వీధి చివర ఉన్న స్పీచ్ థెరపిస్టు దగ్గర వారానికి ఒకసారి, ఏ నెలకానెల డబ్బు. ప్యాకేజీ సెంటర్‌కి ఫోను చేసి వద్దని చెప్పేసింది.

మంగళవారం పరీక్షకి అత్తగారు కూడా వస్తానందట. “ఆ మిషను ఏం చెప్తాదో నేనే వింటా” అని.